తెల్ల గీత

గోదావరిని నేను మూడుసార్లు ఈదాను. రెండుసార్లు ఒంటిచేత్తో, మూడోసారి నిద్రలో.

రెంజల్ దగ్గర పడవెక్కగానే ఈ సంగతి పడవలో ఉన్న ఇద్దరికీ చెప్పాను. పడవ కాస్త ఊగేసరికి తుకారాం భుజం రెండు చేతులా పట్టుకున్నాను.

“ఇడువు మహేషూ, తెడ్డెట్ల వెయ్యాలె?” అన్నాడు పడవ నడిపే తుకారాం.

ఎదురుగా కూర్చున్నది కొత్త మనిషి. పేరు రాజనర్సు, మాక్లూర్ నుంచి వచ్చాడట. నడుముకు తాడుతో రెండు ఖాళీ ప్లాస్టిక్ డబ్బాలు కట్టుకున్నాడు. ఒళ్లో విస్తరాకు, అందులో పదకొండు పిండాలు.

“గిదేందన్నా, ఊరంత ఒక్కపారే పోయిండ్రా?” అన్నాను.

“దోస్తులు తమ్మీ. పీనుగులు సుత దొరకలె. నడి గంగల ఇడుస్త.”

నేను బీడీ ముట్టించబోతే అగ్గిపెట్టె లాక్కున్నాడు.

“నీళ్ల మీద నిప్పొద్దు!”

దాన్ని తన జేబులో వేసుకున్నాడు. చూపు మాత్రం నీళ్ల మీదే.

“ఏం సూస్తున్నవన్నా?”

“తెల్ల గీత. నువ్వు గా దిక్కు సూడు. నీళ్లల్ల గీత వస్తే ఒర్రు.”

ఇంత మంచి అవకాశం నాకు పుట్టాక దొరకలేదు. నడి గంగలో గొంతు చించుకున్నాను.

“అన్నా! గీతొస్తున్నది! సీదా మన మీదికే!”

తిడతాడనుకున్నాను. ఒక్క మాట అడగలేదు. తన నడుము తాడు విప్పి నా నడుముకు చుట్టి ముడేశాడు.

“దుంకు!” అని నన్ను తోశాడు.

ఆ ఊపుకు పడవ తిరగబడింది.

నీళ్లు నోట్లోకి, ముక్కులోకి. కాళ్ల కింద ఏమీ లేదు. నాకు ఈత రాదు.

వెనక నుంచి ఓ చెయ్యి నన్ను ఒడ్డు వైపు నెడుతూనే ఉంది. “డబ్బాలు ఇడువకు తమ్మీ! కాళ్లాడియ్యి!”

ఒడ్డు తగిలాక తిరిగి చూశాను. తుకారాం ఒక్కడే ఈదుకుంటూ వస్తున్నాడు.

రాజనర్సు మర్నాడు శవమై దొరికాడు.

అతని భార్య సుమలత ఆ డబ్బాలు ఒళ్లో పెట్టుకుని ఒడ్డున కూర్చుంది.

“నూనె ఓడల పనిజేసేటోడు తమ్మీ. మొన్నటి లడాయిల సబ్‌మెరైన్‌తోని బాంబు కొట్టిండ్రు. గది నీళ్లల్ల వస్తుంటె తెల్ల గీత లేస్తదట. గీతొస్తున్నదని ముందుగాల ఒక పిలగాడు ఒర్రిండట. ఈయన నమ్మలె, నవ్విండట. నీళ్ల మీద నూనె మండి పదకొండు మంది పోయిండ్రు. గప్పటిసంది, ఎవరొర్రినా నమ్ముత అని ఒట్టు వెట్టుకున్నడు.”

కళ్లు తుడుచుకుంది.

“ఈపారి నమ్మిండు. నువ్వు బతికినవ్. గా గీత పెద్దగ ఉండెనా తమ్మీ?”

“నాకైతే కనవడలె,” అన్నాడు తుకారాం, నన్నే చూస్తూ.

“గీత లేదక్కా,” అన్నాను. “నేను ఉత్తగనే ఒర్రిన.”