మూల కుర్చీ ఆవిడ

హెడ్ నర్సు కొనుగోళ్ళ అధికారి బల్ల ముందు నుంచే వెళ్ళింది. ఆగలేదు.

సరాసరి మూల కుర్చీ దగ్గరికెళ్ళి, "అక్కా, వానలు పడితే జ్వరాలు ముసురుకుంటాయి. సెలైన్లు కాస్త ఎక్కువ చెప్పండి" అంది.

"ఎప్పుడో చెప్పాను చెల్లీ. దారిలో ఉన్నాయి" అంది ఆవిడ.

కొనుగోళ్ళ అధికారి చేతిలో ఫైలును బల్లకేసి కొట్టాడు.

ఆ ప్రభుత్వాసుపత్రిలో ఆయనకు ఆపద్బాంధవుడని పేరు. గ్లవుజులు నిండుకున్నా, దూది నిండుకున్నా కారేసుకుని ఊరంతా గాలించి తెచ్చేవాడు. "మీరే లేకపోతే ఏమైపోయేవాళ్ళం!" అని డాక్టర్లు చేతులు పట్టుకునేవారు.

ఇంతలో ఆ మూల కుర్చీలోకి ఈ టెంపరరీ ఉద్యోగిని దిగింది. వార్డు వార్డుకూ తిరిగి, ఎప్పుడేం కావాలో ముందే అడగడం మొదలుపెట్టింది.

అప్పటినుంచి ఏదీ నిండుకోవడం లేదు.

ఆయన ఫోను మోగడం లేదు.

"అన్నీ ముందే వచ్చేస్తే ఇక నా మొహం చూసేదెవరు?" ఇంట్లో వాపోయాడు.

"మంచిదేగా అండీ?" అంది భార్య.

"ఓహో, నీకూ ఆవిడే నచ్చిందన్నమాట!"

మర్నాడే సూపరింటెండెంట్ గదిలోకి వెళ్ళాడు.

"ఆవిడకిచ్చే జీతం దండగ సార్. పొద్దస్తమానం నర్సులతో కబుర్లే."

"ఈ ఏడు కొనుగోళ్ళు బాగున్నాయంటున్నారే అందరూ?"

"అది నా కష్టం సార్."

ఆవిడ ఉద్యోగాన్ని పొడిగించలేదు.

వెళ్తూ వెళ్తూ ఆయన బల్ల దగ్గర ఆగింది.

"సార్, చలి ముదరకముందే పిల్లల వార్డుకి ఆయాసం మందు తెప్పించండి. ఆర్డరు పెట్టాక రావడానికి చాలా ఆలస్యమవుతుంది."

"మాకు తెలుసు లెండి."

తెలిసినా పెట్టలేదు. పెడితే ఆ మంచిపేరూ ఆవిడ ఖాతాలోకే పోతుంది కదా!

చలి ముదిరింది. పిల్లల వార్డులో మందు అయిపోయింది. చాలా రోజులకు ఆయన ఫోను మోగింది.

ప్రాణం లేచొచ్చింది. కారు తీశాడు. సాయంత్రానికల్లా పెట్టెతో వార్డులో అడుగుపెట్టాడు.

డాక్టరు మారుమాట లేకుండా పెట్టె లాక్కున్నాడు. ఒక పాప ఊపిరి అందక ఎగపోస్తోంది. కాసేపటికి కుదుటపడింది.

ఎవరూ చేతులు పట్టుకోలేదు.

"చూశావా? ఆవిడైతే ఇలా పరిగెత్తేదా?" అన్నాడు హెడ్ నర్సుతో.

"ఆవిడుంటే పరిగెత్తే పనే ఉండేది కాదు సార్."

"అసలేముందని అందరూ ఆవిణ్ణి అంత నెత్తిన పెట్టుకున్నారు?"

"పెద్ద కంపెనీలో ఉద్యోగం మానుకుని, సగం జీతానికి ఇక్కడ చేరింది సార్."

"ఎందుకట?"

నర్సు పాపకు దుప్పటి సర్ది, గొంతు తగ్గించింది.

"పోయినేడు కూడా మీరిలాగే మందు తెచ్చారు. మిగతా పిల్లలు గట్టెక్కారని మేమంతా చప్పట్లు కొట్టాం. కానీ మీరొచ్చేసరికే ఆ చివరి మంచం మీద బాబు పోయాడు సార్... ఆవిడ ఆ బాబు తల్లి."