ఒక్కటే బోర్డు

“ఏం చేస్తావో చెప్పకుండా దూకితే నేనెలా తీయాలిరా?” ఐలీన్ కెమెరా కర్రను తమ్ముడు నెవెన్ ముఖం ముందు ఆడించింది.

“చెప్తే ఊపు పోతుందక్కా. నువ్వు నా వెనకే ఉండు. నా బోర్డు ఫ్రేమ్ దాటకుండా చూసుకో, చాలు.”

“చాలట! పొద్దుట్నుంచీ ఇదే పాట. చిత్తం డైరెక్టరు గారూ!”

నెవెన్ వినడం లేదు. కాళ్ల కింది స్నోబోర్డు వైపే చూస్తున్నాడు. బ్యూనస్ ఐరిస్ నుంచి బోర్డుల కంపెనీ మనిషి ఒక్తావియో దాన్ని కతెద్రాల్ మంచుకొండకు తెచ్చాడు. తెచ్చింది ఒక్కటే. ఒంటి చేత్తో ఎత్తితే ఎత్తినట్టే ఉండదు. కొత్తవాడు ఎక్కితే నిలబడనివ్వదు. తెలిసినవాడు ఎక్కి గాలిలోకి లేస్తే, కాళ్లకు బరువున్న సంగతే గుర్తు రానివ్వదు. కొండ మీద ఆరితేరినవాళ్లంతా వంతులవారీగా దాని మీద దూకి వీడియోలు తీయించుకున్నారు. ఎవరి వీడియో ఒక్తావియోకు నచ్చితే బోర్డు వాళ్లది. ఈ సీజనంతా కంపెనీ తరఫున పోటీలకు పోయేదీ వాళ్లే.

ఆఖరి వంతు నెవెన్‌ది. కొండపైకి తెచ్చే కుర్చీల లిఫ్టు ఆపేసే వేళయింది. ఇప్పుడు తప్పితే మళ్లీ పైకి రావడం కుదరదు.

“పడ్డావనుకో, ఏడుపు కూడా తీస్తా,” అంది ఐలీన్.

“తియ్యి. పద!”

ముందు, జారడానికని మంచులో పాతిన ఇనుప కమ్మీ. నెవెన్ బోర్డును అడ్డంగా తిప్పి దాని మీద జారాడు. కమ్మీ కీచుమంది. తర్వాత చిన్న గుట్ట. పైకి లేచి, బోర్డు అంచు పట్టుకుని, దిగాడు. లిఫ్టు కుర్చీల్లోంచి ఈలలు.

“పోరా, పో!” వెనకే జారుతూ వస్తున్న అక్క కేక.

ఆఖరిది పెద్ద గుట్ట. వేగం ఎక్కువైందని నెవెన్‌కు తెలుసు. తగ్గించలేదు. అంచు దాటగానే భుజం తిప్పాడు. ఆకాశం, మంచు, దిగువన సరస్సు. ఒక చుట్టు అయింది. ఇంకా గాలిలోనే ఉన్నాడు. ఇంతవరకు ఎప్పుడూ ఒకటిన్నర దాటలేదు. దాటేశాడు. బోర్డు మంచును కొట్టింది. ఒక చెయ్యి నేలకు తగిలింది. పడలేదు.

“రెండక్కా! రెండు చుట్లు!” గొంతు పగిలేలా అరిచాడు.

“పిచ్చోడా! చెప్పి చావొచ్చుగా!” ఐలీన్ వీపు మీద ఒక్కటి చరిచి, కెమెరా అతని చేతిలో పెట్టింది. “వెళ్లి చూపించుకో. నాకు ఆకలి దంచేస్తోంది.”

ఒక్తావియో కొండ కింద గుడారంలో కూర్చుని గొట్టంతో మాతే టీ పీలుస్తున్నాడు. నెవెన్ బోర్డు అతని పక్కన ఆనించి వీడియో పెట్టాడు. ఒక్తావియో చూశాడు. మళ్లీ చూశాడు.

“రెండు చుట్లన్నా,” అన్నాడు నెవెన్, ఉండబట్టలేక.

“చూశా. బాగుంది. చెయ్యి తగిలింది.”

“కొంచెమే!”

“కొంచెమేలే. ఇటు చూడు.”

తెరను అతని వైపు తిప్పి మొదటి నుంచి నడిపించాడు. ఎండ వెనక నుంచి పడుతోంది. మంచు మీద నెవెన్ నీడ. దాని వెనకే ఇంకో నీడ. అదీ కమ్మీ మీద జారింది. అదీ చిన్న గుట్ట మీంచి లేచింది. చాచిన చేతిలో కర్రతో పెద్ద గుట్ట మీంచి ఎగిరి, నెవెన్ దిగినంత దూరాన దిగింది. రెండో చెయ్యి నేలకు తగల్లేదు.

“బొమ్మ ఒక్కసారి కూడా అదరలేదు,” అన్నాడు ఒక్తావియో.

నెవెన్ తెర మీదికి వంగాడు.

ఒక్తావియో బోర్డును ఒళ్లోకి తీసుకున్నాడు. స్క్రూడ్రైవర్ అందుకుని, నెవెన్ కాళ్ల కొలతకు బిగించిన పట్టీలు విప్పడం మొదలుపెట్టాడు.

“ఇంతకీ, ఈ నీడ బూట్ల సైజెంత?”