ఏజెన్సీ ఆవిడ

"బడి గేటు దగ్గర పాప ఒక్కతే నిలబడి ఏడ్చిందట. మీరెక్కడికి వెళ్ళారు?"

ఇల్లాలు గొంతు పెంచలేదు. ఆఫీసు బ్యాగు ఇంకా భుజం మీదే ఉంది.

"జ్వరం వచ్చిందమ్మా. మాత్ర వేసుకుని నడుం వాల్చాను. కన్నంటుకుంది."

"అలాగైతే ఎలాగండీ? మిమ్మల్ని పెట్టుకున్నదే అందుకు కదా."

ఏజెన్సీ ఆవిడ తల వంచుకుంది. ఆమె పేరేమిటో ఆ ఇంట్లో ఎవరూ అడగలేదు. పనివాళ్ళను పంపే ఏజెన్సీ నుంచి వచ్చింది కాబట్టి పెద్దవాళ్ళకు ఆమె ఏజెన్సీ ఆవిడ. పిల్లలకు పెద్దమ్మ.

ఆ ఇంట్లో నలుగురివి నాలుగు దారులు. ఆయనకు షిఫ్టులు, ఆమెకు మీటింగులు, బాబుకు ఈత, పాపకు సంగీతం. ఆలుమగలు మాట్లాడుకోవాలన్నా లిఫ్టు దగ్గర ఎదురుపడాల్సిందే.

ఎవరి బ్యాగు ఎప్పుడు సర్దాలో, ఎవరిని ఎక్కడ దింపాలో అన్నీ ఏజెన్సీ ఆవిడే చూసుకునేది. ఈత మాస్టారిని బతిమాలి బాబు క్లాసు మార్పించింది. దాంతో గురువారం సాయంత్రాలు నలుగురూ ఒకే బల్ల దగ్గర కూర్చోవడం మొదలైంది.

వాళ్ళకు వడ్డించి ఆమె వెళ్ళిపోయేది. గుమ్మం దగ్గర చెప్పులు వేసుకోవడానికి మాత్రం చాలాసేపు పట్టేది.

కూర్చోమని ఎవరూ అనలేదు.

"రేపటి నుంచి రాకండి. వేరే ఏర్పాటు చేసుకుంటాం," అంది ఇల్లాలు.

"సరేనమ్మా."

తలుపు దాకా వెళ్ళి ఆగింది.

"పాప రేపు కళ్ళ డాక్టరు దగ్గరికి వెళ్ళాలి. పాత కళ్ళజోడు కూడా తెమ్మన్నారు."

వేరే ఏర్పాటంటే ఫోన్లో అలారాలు. అవి మోగేవి. ఎవరో ఒకరు నొక్కి ఆపేసేవారు.

నెల తిరిగేసరికి మళ్ళీ ఎవరి దారి వారిదే. గురువారం పిల్లలు టీవీ ముందు తిన్నారు. ఆయన వంటింట్లో నిలబడే ముగించాడు.

"పెద్దమ్మ ఎప్పుడొస్తుంది?" అంది పాప.

ఇల్లాలు ఏజెన్సీకి ఫోన్ చేసింది.

"ఇంతకుముందు పంపారే, ఆవిడనే మళ్ళీ పంపండి."

"మేమెవరినీ పంపలేదు మేడమ్. మీరు రమ్మన్న రోజు మా మనిషి రాలేకపోయింది. చెబుదామంటే మీరు ఫోనెత్తలేదు."

ఆమె భర్త వైపు తిరిగింది.

"ఏజెన్సీకి ఆవిడ జీతం కట్టింది మీరే కదా?"

"నువ్వు కడుతున్నావనుకున్నా."

ఇద్దరూ గబగబా కిందికి దిగారు. వాచ్‌మన్ కుర్చీలోంచి లేచాడు.

"రోజూ మా ఇంటికొచ్చే పెద్దావిడ ఎక్కడుంటుందో తెలుసా?"

అతను వింతగా చూశాడు.

"మీ కింద ఫ్లాట్లోనే కదమ్మా. మొన్ననే ఖాళీ చేసి వెళ్ళిపోయారు."

"ఎక్కడికి?"

"చెప్పలేదు. ఒంటి మనిషి, అడిగేదెవరు లెండి."

"మరి మా ఇంట్లో పనికెందుకు వచ్చింది?"

"పనికా? కొత్తగా దిగిన రోజు, పైవాళ్ళతో పరిచయం చేసుకొస్తానని వెళ్ళారమ్మా. తిరిగొచ్చి, 'నన్ను చూడగానే లోపలికి రమ్మన్నారు, నా కోసమే ఎదురుచూస్తున్నట్టున్నారు' అని ఎంత మురిసిపోయారో."