తలల లెక్క

“టోపీలు వద్దు,” అంది టీచర్.

పార్కు సూపర్‌వైజర్ కాగితం మీంచి తలెత్తాడు. పిల్లల వేసవి శిబిరానికి కావలసినవన్నీ అందులో వరసగా రాసుకుంటూ వచ్చాడు. రెండు టెంట్లు, మంచినీళ్ల డ్రమ్ము, మందుల పెట్టె, పొద్దున తొమ్మిది నుంచి నాలుగు వరకు. అన్నిటికీ తలూపిన మనిషి టోపీల దగ్గర ఆగిపోయింది.

“ఎండ మేడం. పైగా అందరికీ ఒకే రంగు టోపీ ఉంటే మన పిల్లలెవరో ఇట్టే తెలిసిపోతుంది.”

“ఎవరి టోపీ వాళ్లు ఇంటి నుంచి తెచ్చుకుంటారు. గంటగంటకీ పేరు పెట్టి పిలవాలి, మొహం చూడాలి. ఇంకోటి, కమ్మీల బయట నిలబడి చూసే పిల్లల్ని కూడా లోపలికి రానివ్వాలి. వాళ్లకి ఫీజు లేదు.”

“శిబిరమా, సత్రమా?” అని నవ్వబోయి, ఆమె నవ్వకపోయేసరికి అదీ రాసుకున్నాడు. “మీది ఈ ఊరేనా?”

“ఎదురు వీధే. నా చిన్నప్పుడు ఖాళీ చేసి వెళ్లిపోయాం.”

“సరే, పిల్లల్ని పిలిచే పని ఎవరికి పెడదాం?”

ఆమె కిటికీలోంచి బయటికి చూసింది. తోటమాలి గులాబీ మడికి నీళ్లు పెడుతున్నాడు. పైపు మడిలో వదిలేసి, వేళ్లు ఒక్కొక్కటే ముడుస్తూ తనలో తను ఏదో లెక్కపెట్టుకుంటున్నాడు.

“ఆయనకి.”

సూపర్‌వైజర్ పెన్నుకి మూత పెట్టేశాడు. “ఎవరికైనా ఇవ్వండి మేడం. ఆ ఇరవైనాలుగుకి మాత్రం వద్దు.”

పద్దెనిమిదేళ్ల కింద ఇదే పార్కులో ఒక శిబిరం జరిగింది. ఇరవైనలుగురు పిల్లలు, ఇరవైనాలుగు ఎర్ర టోపీలు. టోపీ ఉన్నవాళ్లకే సాయంత్రం ఐస్‌క్రీం. టోపీల లోపల నంబర్లు రాసే పని, పిల్లల్ని వరసలో నిలబెట్టి లెక్క చూసే పని తోటమాలిది. ఆఖరి రోజు మూడున్నరకి లెక్కపెట్టి, “ఇరవైనాలుగు, సరిపోయింది” అన్నాడు. ఐదింటికి ఒక తల్లి వచ్చి, మావాడేడీ అని అడిగేదాకా ఎవరూ వెతకలేదు. బాబు పార్కు మూలనున్న కొలనులో దొరికాడు. టోపీ దొరకలేదు.

మూడున్నరకే వెతికి ఉంటే దక్కేవాడని అందరూ అన్నారు. విచారణలో ఎన్నిసార్లు గుచ్చి అడిగినా తోటమాలిది ఒకటే మాట. ఇరవైనాలుగు. నీళ్లలో ఉన్నవాణ్ణి గట్టు మీద ఎలా లెక్కపెట్టావయ్యా అంటే మళ్లీ అదే అంకె. ఉద్యోగం ఉంచారు, పేరు పీకేశారు. ఆనాటి నుంచి చిన్నా పెద్దా అందరికీ అతను ‘ఇరవైనాలుగు’. ఇంట్లో భార్య కూడా అతను దండెం మీంచి తెచ్చిన బట్టలు మళ్లీ తనే లెక్కపెట్టుకుంటుంది. పడ్డవాడెప్పుడూ చెడ్డవాడు కాదంటారు. అది పడనివాళ్లు చెప్పే మాట.

టీచర్ లేచి బయటికి నడిచింది. వెనకనుంచి సూపర్‌వైజర్ కేకేశాడు.

“ఏమయ్యా ఇరవైనాలుగూ, నీకు ప్రమోషన్ వచ్చింది. మేడం చెప్తారు, విను.”

తోటమాలి పైపు కట్టేసి చేతులు చొక్కాకి తుడుచుకున్నాడు.

“శిబిరం పెడుతున్నాం బాబాయ్. పిల్లల లెక్క మీరే చూడాలి.”

“నా వల్ల కాదమ్మా.”

“ఎందుకని?”

“లెక్క రానివాడికి లెక్కల పనేంటి? ఎవర్నడిగినా చెప్తారు.”

“వాళ్ల సంగతి వదిలెయ్యండి. మీరేమంటారు?”

ఇన్నేళ్లలో ఆ మాట అడిగినవాళ్లు లేరు. అతను పార్కు మూలకి చూశాడు. కొలను పూడ్చేసి గడ్డి వేశారు. ఆ గడ్డి కోసేదీ అతనే.

“కళ్లు మూసుకుంటే వరస కనబడుతుందమ్మా. ఇటునుంచి లెక్కపెడతాను, అటునుంచి లెక్కపెడతాను. ఒక్కసారి ఇరవైమూడు వచ్చినా బాగుండు. తప్పు నాదేనని ఒప్పుకుని నిద్రపోదును. రాదు.” వంగి పైపు చుట్టడం మొదలుపెట్టాడు. “రెండేళ్లలో రిటైరవుతాను. ఆ పేరు మీదే పోతాను. పోనివ్వండి.”

“మొహాలు కనబడతాయా?”

“మొహాలెక్కడ చూశాను? అందరి చూపూ ఐస్‌క్రీం డబ్బా మీదే. నాకు కనబడింది టోపీలే.”

ఆమె సంచీలోంచి కాగితం పొట్లం తీసి విప్పింది. చిన్నపిల్లల టోపీ. ఎరుపు వెలిసి ఇటుకపొడి రంగుకి వచ్చింది. అతను దాన్ని తిరగేశాడు. లోపలి అంచు మీద నల్ల సిరాతో తొమ్మిది అంకె. కింద తోక పొడుగ్గా లాగి ఉంది. అలా లాగడం అతని అలవాటే. ఆ నంబరు ఎవరిదో అతనికి ఒకరు చెప్పక్కర్లేదు.

టోపీని రెండు చేతుల్లోకి తీసుకున్నాడు.

“మీరు ఆ బాబు అక్కయ్యా?” అన్నాడు. “తిట్టిపోదామని వచ్చారామ్మా? తిట్టండి. ఆనాడు వాళ్లమ్మ నన్ను ఒక్క మాటా అనలేదు. అనుంటే బాగుండేది.”

ఆమె అడ్డంగా తలూపింది.

“నేను ఆ బాబుకి ఏమీ కాను. నిన్న వాళ్లింటికి వెళ్లొచ్చాను. ఇవాళ మీ దగ్గరికి.”

కిటికీలో సూపర్‌వైజర్ ముందుకు వంగాడు. అతనికి కూడా వినబడేలా ఆమె గొంతు పెంచింది.

“మీ లెక్క తప్పలేదు బాబాయ్. అప్పుడు నాకు ఎనిమిదేళ్లు.”

తోటమాలి ఆమె మొహంలోకి చూశాడు.

“ఆ రోజు గట్టు మీద దొరికిన ఈ టోపీ పెట్టుకుని, ఐస్‌క్రీం కోసం వరసలో నిలబడింది నేను.”