బండి మీద చోటు

ఆ ఆదివారం ఇంట్లో ఉన్నది వంటింట్లో అమ్మ హెలెన్, హాల్లో ఫ్యాను కింద నాయనమ్మ వీరమ్మ, గదిలో అన్నయ్య ఫిన్నీ, అతని పక్కన స్టూలు మీద నిన్న కొవ్వూరు నుంచి వచ్చిన పిన్ని కూతురు ఆశాజ్యోతి, గుమ్మంలో వినీల. ఆ స్టూలు మొన్నటిదాకా వినీలది.

ఫిన్నీ ఇంట్లోనే సర్క్యూట్ బోర్డులు చేస్తాడు. ఇప్పుడు చేస్తున్నది రొయ్యల చెరువులో నీళ్ళకి గాలి పట్టించే ఏరేటర్ ఆగిపోతే రైతు ఫోన్ మోగించే బోర్డు. దాని మీద రంధ్రాలున్న పలచటి రేకు పరిచి, భాగాల్ని అతికించే బూడిదరంగు సోల్డర్ పేస్టును ప్లాస్టిక్ కార్డుతో ఒక్క లాగు లాగాలి. రంధ్రాల్లోంచి పేస్టు చుక్కలుగా దిగాలి. వినీల లాగితే సగం చుక్కలు పడేవి కావు. అందుకే పాలిటెక్నిక్ చదివే ఆశాజ్యోతికి కబురు వెళ్ళింది. బోర్డు కుదిరితే రాజమండ్రి ఎగ్జిబిషన్‌కి ఫిన్నీ బండి వెనక ఎక్కేది కూడా ఆమే.

“ఏమే వినీలా, వెలుగుకి అడ్డంగా నిలబడతావేంటే?” అంది ఆశాజ్యోతి.

వినీల పళ్ళు బిగించి పక్కకి జరిగింది. తెల్లవారుజామునే, ఎవరూ లేవకముందు, ఆమె ఫ్రిజ్‌లోంచి పేస్టు డబ్బా తీసి కిటికీ తెర వెనక దాచింది. దోసెల పిండి బయట పెడితే పులిసిపోయినట్టు ఇదీ పాడవ్వాలి, ఆశాజ్యోతి పరువు పోవాలి. చర్చిలో కళ్ళు మూసుకుంటే ఆ డబ్బాయే కనబడింది. ఇంటికి రాగానే మళ్ళీ ఫ్రిజ్‌లో పెట్టేసింది.

“ఇదేంటి, డబ్బా చల్లగా లేదు? నాయనమ్మా, కరెంటు పోయిందా?” అని కేకేశాడు ఫిన్నీ.

“పోలేదురా. పొద్దుట్నించీ ఫ్యాను కిందే ఉన్నాను కదా!” అంది వీరమ్మ.

ఆశాజ్యోతి కార్డు లాగింది. ఫిన్నీ రేకు పైకెత్తాడు. వినీల మెడ చాచి చూసింది.

ఒక్క చుక్క తప్పలేదు.

ఇక ఆశాజ్యోతిని ఆకాశానికెత్తేస్తాడనుకుంది వినీల. ఫిన్నీ మాత్రం డబ్బాని అటూ ఇటూ తిప్పి చూశాడు.

“పొద్దున దీన్ని ఫ్రిజ్‌లోంచి బయటపెట్టిందెవరు?”

“నేను కాదన్నయ్యా!” అతని మాట పూర్తికాకుండానే అనేసింది వినీల.

“తిట్టడానికి కాదే పిచ్చిమొహమా! ఇన్నాళ్ళూ చల్లటి పేస్టు వాడి మనమే చెడగొట్టుకున్నాం. కాస్త వెచ్చబడేసరికి చూడు, వెన్నలా దిగింది! ఇందులో లాగిన చెయ్యి గొప్ప కాదు, బయటికి తీసిన చెయ్యి గొప్ప. రాజమండ్రికి ఆ మనిషినే తీసుకెళ్తా.”

“అన్నయ్యా, అదీ...” అంది వినీల.

ఆశాజ్యోతి లేచి గుమ్మం దాకా వచ్చింది. వినీల మొహంలోకి తేరిపార చూసింది. చిన్నగా నవ్వి, తలుపు మూసేసింది.

లోపల్నించి ఆమె గొంతు వినబడింది.

“నేనే అన్నయ్యా.”