దోస్తుల కోసం

ఆ శుక్రవారం ఇంట్లో ఉన్నది జహాంగీర్, అతని భార్య సుర్రయ్యా, కూతురు నూరైన్, ముందు గదిలో అద్దెకుండే రూత్ మేడం. వంటింట్లో బియ్యం బస్తా వెనక, బయటివాళ్ళకు తెలియకుండా, ఆంజనమ్మ.

ఆంజనమ్మది కడప వైపు పల్లె. దోహాలో ఒక పెద్దింట్లో పని. ఇస్త్రీ పెట్టెతో చెయ్యి కాల్చారని పొద్దున్నే పారిపోయి వచ్చింది. కూరగాయల దుకాణంలో తెలుగు మాట విని పలకరించిన సుర్రయ్యా తప్ప, ఆమెకు ఈ దేశంలో తెలిసినవాళ్ళు లేరు.

పారిపోయిన పనిమనిషిని దాచారని తెలిస్తే జహాంగీర్ వీసా పోతుంది. అయినా సుర్రయ్యా ఆమెను లోపలికి పిలిచింది.

ముందు గదిలో రూత్ మేడం కుర్చీలు గుండ్రంగా వేసి, ఒక్కతే కళ్ళు మూసుకుని కూర్చుంది.

ఆమె ఇంగ్లండు నర్సు. జుట్టు తెల్లబడింది. తెల్లవాళ్ళంతా విల్లాల్లో ఉంటే ఈమెకు ఈ అల్ దోహా అల్ జదీదా ఇరుకు సందులో ఏం పని అని జహాంగీర్‌కు ఎప్పుడూ ఆశ్చర్యమే.

ప్రతి శుక్రవారం ఇదే వరస. పాట లేదు, పుస్తకం లేదు, మాట లేదు. ఆ కుర్చీల్లోకి ఎవరూ వచ్చేవారు కాదు.

ఒకసారి నూరైన్ తన పల్లెటూరి బడి ఇంగ్లీషు కూడదీసుకుని, ఏం చేస్తున్నారని అడిగింది. మేడం నెమ్మదిగానే చెప్పింది. తన మతం పేరని ఆమె చెప్పిన క్వేకర్ అన్న మాట నూరైన్ ఎప్పుడూ వినలేదు. మిగిలిన వాటిలో రెండే అందాయి. ఫ్రెండ్స్. వెయిటింగ్.

"దోస్తుల కోసం చూస్తున్నదంట అమ్మీ."

"పాపం, ఒక్క దోస్తు గూడ రాడేందే," అంది సుర్రయ్యా.

ఆ రోజు నుంచి ఆమెకు ఇంట్లో పేరు ఇంతెజార్ మేడం, ఎదురుచూపుల మేడం.

తలుపు తట్టిన చప్పుడైంది.

కిటికీలోంచి చూసిన జహాంగీర్ మొహం పాలిపోయింది. బయట ఉన్నది ఆంజనమ్మను కూరగాయల దుకాణానికి కారులో తెచ్చే ఆ పెద్దింటి మనిషి.

తలుపు మేడం చేతే తీయించాలని సుర్రయ్యాకు తోచింది. తెల్లామె లేదంటే వాడు మారుమాట్లాడకుండా పోతాడు. ఒక్క 'నో' అంటే చాలని చెప్పమంటూ కూతురిని ముందుకు తోసింది.

నూరైన్ చెప్పింది.

మేడం వంటింట్లోకి వెళ్ళింది. ఆంజనమ్మ చేతులు జోడించింది. మేడం ఆ చేతుల మీద తన చెయ్యి ఉంచి, చిన్నగా ఏదో అంది.

"ఏమంటున్నది?"

"అబద్ధం చెప్పదంట అమ్మీ. వాళ్ళల్ల అబద్ధం ఆడరంట."

"ఈమెను తీస్కపోతె సంపుతరని చెప్పు."

చంపడం గురించి చెప్పే ఇంగ్లీషు నూరైన్ నోటికి రాలేదు.

మేడం తలుపు తీసి, గడపకు అడ్డంగా నిలబడింది.

పనిమనిషి ఇక్కడుందా అని అతను అడిగాడు. మేడం మాట్లాడలేదు. మళ్ళీ అడిగాడు. ఉందనలేదు, లేదనలేదు. పక్కకూ జరగలేదు.

అతను ఆమె మొహంలోకి చూసి నవ్వాడు. లేకపోతే లేదనేది కదా. భుజంతో ఆమెను నెట్టుకుని లోపలికి వచ్చాడు.

బస్తా వెనకున్న ఆంజనమ్మను కారు దాకా లాక్కుపోయాడు. కారెక్కబోతూ ఆమె సుర్రయ్యా వైపు ఒకసారి చూసింది, అంతే.

మేడం చెప్పులు వేసుకుని, కారు పోయిన దారినే నడిచిపోయింది.

"మొకం చూపెట్టనీకి సిగ్గయ్యింది," అంది సుర్రయ్యా. "వారం వారం నోరు మూసుకోని కూసునుడొస్తది. ఒక్క మాట రాదు."

సాయంత్రానికి మేడం రాలేదు. మరునాడూ రాలేదు. జహాంగీర్ కుర్చీలు తీసి గోడకు చేర్చాడు. సుర్రయ్యా ఆమె బట్టలన్నీ ఒక సంచిలో కుక్కింది. బయట బండి ఆగితే చాలు, పోలీసులేమోనని ఇద్దరూ ఊపిరి బిగబట్టేవారు. ఎందుకో ఎవరూ రాలేదు.

మళ్ళీ శుక్రవారం ఆ కారే వచ్చి ఆగింది. అదే మనిషి, పక్కన ఒక పోలీసు. వెనక నుంచి మేడం దిగింది.

అదే గౌను, నలిగిపోయి ఉంది. మొహం ఎండకు కమిలిపోయింది. తన బట్టల కోసం వచ్చింది, ఇప్పుడే దేశం విడిచి పోవాలట. నూరైన్‌కు అర్థమైంది అంతే.

సుర్రయ్యా గుమ్మం దాకా రాలేదు. "ఇచ్చేసి రా. మాట్లాడకు," అంటూ సంచి కూతురి చేతికిచ్చింది.

సంచి మోసుకుంటూ కారు దాకా వెళ్ళిన నూరైన్ ఆగిపోయింది. వెనక సీట్లో ఆంజనమ్మ.

"పాపా, మీయమ్మకు చెప్పు," అంది ఆంజనమ్మ గబగబా. "ఈయమ్మ వాళ్ళ గేటు కాడ ఎండలో కూచునె. తిండి తినల్యా, నోరిప్పల్యా. తరిమితే పొయ్యి మళ్ళా వచ్చి కూచునె. దావన పొయ్యేటోళ్ళంతా నిలబడి చూడబట్టిరి. ఆ ఇంటాయప్పకే తలకొట్టేసినట్టయ్యి నన్ను ఊరికి పొమ్మన్న్యాడు."

"మరి మేడం?"

"నన్ను దాచిపెట్టిందెవురని స్టేషన్లో అడిగినారు. ఉలకల్యా పలకల్యా. మీ పేరు బయటికి రానీల్యా. గడపలో అడ్డం నిలబడింది ఈమే గదా, దాచిందీ ఈమేననుకోని ఈమెనూ పంపిచ్చేస్తాండారు."

మేడం కారెక్కి, ఆంజనమ్మ పక్కన కూర్చుని కళ్ళు మూసుకుంది. అమ్మను పిలవాలని నూరైన్ వెనక్కి తిరిగింది. గుమ్మంలో ఎవరూ లేరు.

ఆ ఇంటి మనిషి యల్లా అంటూ తొందరపెట్టాడు.

"నేను ఈమెకు ఏమైతానని పోలీసులు అడిగితే మాత్రం ఒక్క మాట అన్న్యాది," అంది ఆంజనమ్మ. "ఫ్రెండంట. వాళ్ళ మతమోళ్ళందరి పేరూ అదేనంట."

ఇన్నాళ్ళూ ముందు గదిలో ఎదురుచూసింది రాని దోస్తుల కోసం కాదని, ఈ ఇంటికి వచ్చిన దోస్తు మేడమేనని తెలిసి నూరైన్ నోరు తెరిచేసరికి, అతను ఆ పిల్ల మొహం మీదే కారు తలుపు వేసేశాడు.