పదకొండు తప్పుల కోటు

"ఇది భుజమా, జారుడుబల్లా? మీరే చెప్పండి మేడమ్!"

మాస్టర్ సుద్దముక్కతో కోటు భుజం మీద అడ్డంగా గీత గీశాడు. బొమ్మకి తొడిగిన ఆ బూడిదరంగు కోటు చుట్టూ ఆయన తిరగడం అది మూడోసారి. దుకాణం యజమానురాలు కటింగ్ బల్లకి ఆనుకుని చూస్తోంది. ఇస్త్రీ పిన్ని అయితే పెట్టె పక్కన పెట్టేసి మరీ చూస్తోంది.

కోటు తెచ్చిన మనిషి మాత్రం తల దించుకుని నోటుపుస్తకంలో రాసుకుంటోంది. ఒకటి, భుజం.

ఆ దుకాణంలో తొమ్మిదేళ్లుగా ఆమె పేరు కాజాలమ్మాయి. కాజాలు కుట్టడానికే చేరింది కానీ చూసి చూసి కటింగ్ నేర్చేసుకుంది. రెండేళ్లుగా సగం కోట్లు ఆమె చేతి మీదుగానే వెళ్తున్నాయి. అయినా ఏది చూపించినా మాస్టర్ సుద్ద తీసేవాడు. ఆమె ఇంటికెళ్లి ఆ గీతలన్నీ తలుచుకునేది, నిజమే, నాకేం వచ్చని అనుకునేది. ఎవరైనా బాగుందంటే లోపలికి పారిపోయేది, ఏదో పొరపాటున కుదిరింది, ఎప్పుడో ఒకరోజు దొరికిపోతాను అని.

వచ్చే నెల రెండో దుకాణం తెరుస్తున్నారు. అక్కడ కటింగ్ బల్ల ఆమెకే ఇవ్వాలని మేడమ్ కోరిక. తన మేనల్లుడికి ఇప్పించుకోవాలని మాస్టర్ పంతం. "ఒక కోటు తెచ్చి బొమ్మకి తొడగమనండి. నేను సరే అంటేనే బల్ల," అన్నాడాయన.

మూడు వారాలు ఆమె ఆ కోటు వెనకే తిరిగింది.

"కాలరు మెడకి అంటితేగా? మధ్యలో పిల్లి పడుకోవచ్చు. రాసుకో."

"రాశాను మాస్టర్."

"జేబులు చూడండి, ఒకటి మేడ మీద, ఒకటి కింద వాటాలో. బట్ట కూడా పాతదేనా?"

"పాతదే మాస్టర్. కొత్త బట్ట నా చేతికి మీరెప్పుడిచ్చారు?"

"ఇస్తే ఇదిగో, ఇలా తగలేస్తావనే!"

ఇస్త్రీ పిన్ని ఉండబట్టలేక దగ్గరికొచ్చి గొణిగింది. "నోట్లో నాలుక లేదా నీకు? ఒక్క మాట అనవే!"

"ఆయన్ని పూర్తిగా చెప్పనీ పిన్నీ."

పిన్ని ఆమె చేతికేసి చూసింది. ఎప్పుడూ ఈపాటికి కళ్లు తుడుచుకునే చెయ్యి ఇవాళ ముత్యాల్లాంటి అక్షరాలు రాస్తోంది.

"గుండీలు బాగున్నాయి," అన్నాడు మాస్టర్, దయ తలిచినట్టు.

"అవి నేనే కుట్టాను మాస్టర్."

"మరి! అదే నీ స్థాయి. అక్కడితో ఆగి ఉంటే మర్యాదగా ఉండేది. కత్తెర పట్టుకోగానే కళ్లు నెత్తికెక్కాయి."

"కోటు చూడగానే కటింగ్ ఎవరిదో మీకు తెలిసిపోతుందా?"

"నలభై ఏళ్ల అనుభవం! కళ్లు మూసుకుని తడిమినా చెప్తాను."

తప్పులు పదకొండు తేలాయి. కోటు నిండా తెల్ల గీతలే. మాస్టర్ చేతులు దులుపుకున్నాడు. "ఇది కత్తిరించిన మనిషికి ఈ జన్మలో కత్తెర ఇవ్వకూడదు."

"ఈ మాట కూడా రాయనా?"

"పెద్ద అక్షరాల్లో రాయి!"

రాసింది. పుస్తకం ఆయన ముందు పెట్టి కలం అందించింది. "ఒక్క సంతకం పెట్టండి మాస్టర్. రేపు నేను కాదంటే మేడమ్‌కి ఆధారం ఉండాలిగా."

ఆయన ముసిముసిగా నవ్వుతూ కింద గీత లాగి మరీ సంతకం పెట్టాడు.

మేడమ్ నిట్టూర్చింది. "నేను నీ వైపే ఉన్నానమ్మా. కానీ ఇంత రాసిచ్చాక ఇంకేం చెయ్యను?"

"ఆయన రాసిచ్చినట్టే చెయ్యండి మేడమ్. ఈ కోటు కత్తిరించిన మనిషి మాట కొత్త దుకాణంలో చెల్లకూడదు."

"అంటే ఈ తప్పులన్నీ ఒప్పుకుంటున్నావా?"

"మాస్టర్ చెప్పారుగా. తొమ్మిదేళ్లుగా ఒప్పుకుంటూనే ఉన్నాను."

ఆమె చిన్న కత్తెర తీసి కోటు దగ్గరికి నడిచింది. ఆ దుకాణంలో ఒక నియమం ఉంది. లైనింగ్ మూసే ముందు, కటింగ్ చేసినవాళ్లు లోపలి కాన్వాసు మీద పేరు, తేదీ రాయాలి. కోటు ఎన్నేళ్లు బతికినా పుట్టించిందెవరో తెలియాలని ముప్పై ఏళ్ల కిందట మాస్టరే పెట్టిన నియమం.

మాస్టర్ పగలబడి నవ్వాడు. "ఈ దరిద్రానికి పేరు కూడానా? పొగరు చూడండి మేడమ్!"

"కొంచెం ఉంది మాస్టర్," అందామె మొదటిసారి తలెత్తి. "మూడు వారాలైంది వచ్చి."

కుట్టు తర్వాత కుట్టు, తొందరేం లేనట్టు విప్పింది. లైనింగ్ పక్కకి తప్పించి కాన్వాసుని మేడమ్ వైపు తిప్పింది. ఇస్త్రీ పిన్ని మెడ చాచి చదివి, నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది.

పందొమ్మిదేళ్ల కిందటి తేదీ, పక్కనే మాస్టర్ పేరు.